మెదడు రసాయనాల జీన్లు చేప నుంచి మనిషి దాకా ఎట్లా మారాయి: ల్యాబ్ లేకుండా మీరే చెట్టు గీసి చూసే పద్ధతి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఎమ్మెస్సీ జువాలజీ చదివే పిల్లలు, ముత్తుకూరు ఫిషరీ సైన్స్ కాలేజీ విద్యార్థులు, అప్పుడప్పుడు హ్యాచరీల్లో పనిచేసేవాళ్ళు కూడా మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఒకటుంది. డోపమైన్, సెరటోనిన్ చేపల మెదడులో కూడా ఉంటాయంటారు కదా, మరి వాటి జీన్లు, మన జీన్లు ఒకటేనా, దీని మీద ల్యాబ్ లేకుండా ప్రాజెక్టు చెయ్యొచ్చా అని. చెయ్యొచ్చు. వేర్వేరు జీవుల జీన్లను పోల్చి, ఏది దేనికి దగ్గరి బంధువో చూపించే వంశవృక్షం గీయడమే పని, నేను చెట్టు అనేది దాన్నే. ఒక మామూలు ల్యాప్‌టాప్, ఓపిక ఉంటే చాలు. విడివిడిగా జవాబులు చెప్పే బదులు మొత్తం పద్ధతి ఒకచోట రాస్తున్నాను.

ఈ ప్రశ్న మన జిల్లాల్లో పుట్టడానికి గట్టి కారణమే ఉంది. శీలావతి, బొచ్చె చేపల చేత గుడ్లు పెట్టించడానికి హ్యాచరీల్లో వాడే ఓవాప్రిమ్ ఇంజెక్షన్ తీసుకోండి. అందులో రెండు మందులుంటాయి. మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాములు సాల్మన్ చేప జీఎన్‌ఆర్‌హెచ్ హార్మోన్ను (పిట్యూటరీ గ్రంథిని పనిచేయించే మెదడు హార్మోను) పోలిన మందు, 10 మిల్లీగ్రాములు డోంపెరిడోన్. మనకు వాంతులకు డాక్టరు రాసే డోంపెరిడోనే అది. కార్ప్ జాతి చేపల్లో డోపమైన్ పిట్యూటరీ గ్రంథికి అడ్డుపడి, గుడ్లు విడుదల కావడానికి కావలసిన హార్మోను బయటికి రాకుండా ఆపుతుంది. డోంపెరిడోన్ వెళ్ళి డోపమైన్ డీ2 రిసెప్టర్‌కు (డోపమైన్‌ను పట్టుకునే ప్రోటీన్‌కు) అడ్డం కూర్చుంటే ఆ పట్టు వదులుతుంది. మనిషి కోసం తయారైన మందు శీలావతిలో పనిచేస్తోందంటే, రెండింటి రిసెప్టర్లూ ఒకే పాత జీన్ నుంచి వచ్చాయి కాబట్టే. పండుగప్ప లాంటి చాలా సముద్ర చేపలకు మాత్రం హార్మోను ఒక్కటే ఇచ్చినా సాధారణంగా సరిపోతుంది. జీన్ ఉండటం వేరు, ఏ చేపలో అది ఎంత పట్టు చూపిస్తుందనేది వేరు. ఈ తేడా చివరిదాకా గుర్తుపెట్టుకోండి.

ఇంకో రెండు మాటలు ముందే చెప్తాను, మొత్తం పని వీటి మీదే నిలబడుతుంది. డేటాబేస్‌లో జీన్‌కు పెట్టిన పేరును నమ్మి నిర్ణయానికి రావద్దు. "దొరకలేదు" అన్నదాన్ని "లేదు" అని రాయొద్దు. నా దగ్గరికి వచ్చే ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం పాడయ్యేది ఈ రెండు చోట్లే.

కావలసిన థియరీ ఇంతే

వెన్నెముక జీవుల పూర్వీకుల్లో, సుమారు 50 కోట్ల ఏళ్ళ కిందట, మొత్తం జీనోమే (జీవిలోని డీఎన్ఏ అంతా) రెండుసార్లు రెట్టింపైంది. ఈ ఆలోచనను సుసుము ఓనో 1970లో పుస్తకంగా రాశాడు. దీన్ని 2ఆర్ అంటారు. ఆ తర్వాత, ఇప్పటికి 30 కోట్ల ఏళ్ళకు పైగా కిందట, టీలియోస్ట్ చేపల్లో, అంటే మనం తినే చేపల్లో దాదాపు అన్నీ చేరే గుంపులో, ఇంకోసారి రెట్టింపైంది. అది 3ఆర్. హాక్స్ జీన్ల (శరీరంలో ఏ భాగం ఎక్కడ రావాలో చెప్పే జీన్ల) గుంపులు దీనికి తేలికైన సాక్ష్యం: ఆంఫియాక్సస్‌లో (వెన్నెముక లేని, మనకు దగ్గరి సముద్ర జీవి) 1, మనిషిలో 4, జీబ్రాఫిష్‌లో 7. 8 రావాలి కదా అంటే, రెట్టింపైనవన్నీ మిగలవు, కొన్ని పోతాయి. మీరు గీసే చెట్టులో చూడబోయేది కూడా ఇదే: ఎక్కడ రెండయ్యాయి, ఎక్కడ పోయాయి.

కావలసినవి

- 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్. 4 జీబీ అయినా నడుస్తుంది, ఎందుకంటే బరువు పనులు వెబ్ సర్వర్లే చేస్తాయి. ఫోన్‌లో సీక్వెన్సులు (జీన్ లేదా ప్రోటీన్ అక్షరాల వరసలు) వెతుక్కోవచ్చు గానీ అలైన్‌మెంట్ (వాటిని ఒకదాని కింద ఒకటి సరిపోల్చి పేర్చినది) చూడటం ఫోన్‌లో పెట్టుకోవద్దు, కళ్ళు పోతాయి, తప్పులూ దొరకవు.
- ఉచిత వెబ్‌సైట్లు: ఎన్‌సెంబుల్, ఎన్‌సీబీఐ (జీన్ల డేటాబేసులు), మాఫ్ట్ సర్వర్ (అలైన్ చేసేది), ఐక్యూ-ట్రీ సర్వర్ (చెట్టు గీసేది), జీనోమికస్ (పక్క జీన్లను చూపేది).
- ఉచిత సాఫ్ట్‌వేర్: మెగా (అలైన్‌మెంట్ చూసేదానికి), ఫిగ్‌ట్రీ (చెట్టు చూసేదానికి), నోట్‌ప్యాడ్++.
- ఒక ఎక్సెల్ షీటు. దీన్ని చిన్నచూపు చూడొద్దు. ప్రాజెక్టును ఆఖర్న కాపాడేది ఇదే.

సీక్వెన్సు ఫైళ్ళను వర్డ్‌లో తెరిచి సేవ్ చెయ్యొద్దు. కంటికి కనపడని ఫార్మాటింగ్ చేరి సర్వర్ ఎర్రర్ ఇస్తుంది, కారణం మాత్రం చెప్పదు.

1. ప్రశ్నను చిన్నది చేసుకోండి

"న్యూరోట్రాన్స్‌మిటర్ జీన్ల పరిణామం" అని టైటిల్ పెట్టుకుని వచ్చేవాళ్ళకు నేను మొదట చెప్పేది దాన్ని కొట్టేయమని. ఒక్క కుటుంబం తీసుకోండి. గాబా అనే మెదడు రసాయనాన్ని పట్టుకునే గాబా-ఏ రిసెప్టర్ అనుకుంటే ఒక్క మనిషిలోనే 19 జీన్లున్నాయి, మొదటిసారికి అది వద్దు.

అసలు అలవాటే లేనివాళ్ళు ఎంఏఓ ఎంజైముతో మొదలుపెట్టండి. డోపమైన్, సెరటోనిన్‌లను విరగ్గొట్టే ఎంజైము ఇది. మనిషిలో ఎంఏఓ-ఏ, ఎంఏఓ-బీ అని రెండు జీన్లు, ఎక్స్ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి. జీబ్రాఫిష్‌లో ఒకటే ఉంటుంది. చెట్టు చిన్నది, జవాబు స్పష్టం. ఇక్కడ రెట్టింపైంది మొత్తం జీనోమ్ కాదు, ఆ ఒక్క జీనే పక్కన ఇంకో కాపీ వేసుకుంది, అది కూడా మన వంశంలో. చేపల్లో ఎక్కువ, మనిషిలో తక్కువ ఉంటాయని అనుకునేవాళ్ళకు ఇది మంచి మొదటి పాఠం.

కొంచెం ధైర్యం ఉంటే డోపమైన్ డీ1 తరగతి రిసెప్టర్లు తీసుకోండి. కింద నేను ఉదాహరణగా వాడేది ఇదే. మనిషిలో ఈ తరగతివి రెండు: డీఆర్‌డీ1, 446 అమైనో ఆమ్లాలు, డీఆర్‌డీ5, 477 అమైనో ఆమ్లాలు. వీటి ప్రోటీన్ కోడ్ అయ్యే భాగంలో ఇంట్రాన్లు (ప్రోటీన్ తయారయ్యేముందు కత్తిరించి తీసేసే ముక్కలు) ఉండవు కాబట్టి సీక్వెన్సు తప్పుగా అతికించి పెట్టే అవకాశం తక్కువ. మొదటిసారి చేసేవాళ్ళకు ఇది పెద్ద సుఖం.

ఒక హెచ్చరిక. మనిషిలో డోపమైన్ రిసెప్టర్లు అయిదు, డీఆర్‌డీ1 నుంచి 5 దాకా. ఈ అయిదూ ఒకే తల్లి పిల్లలనుకుని ఒకే చెట్టులో పడేస్తారు చాలామంది. కాదు. డీ1 తరగతి (1, 5) బీటా అడ్రినెర్జిక్ రిసెప్టర్లకు (అడ్రినలిన్‌ను పట్టుకునేవి) దగ్గర, డీ2 తరగతి (2, 3, 4) ఆల్ఫా-2 అడ్రినెర్జిక్ రిసెప్టర్లకు దగ్గర. డోపమైన్‌ను పట్టుకునే గుణం రెండు వైపులా విడివిడిగా వచ్చిందనేదే ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట. అందుకే ఒక తరగతి ఎంచుకోండి, దాని దగ్గరి బంధువును బయటి గుంపుగా, అంటే చెట్టుకు వేరు ఎక్కడో చూపించే పోలికగా, పెట్టండి.

2. జీవులను ఎంచుకోండి

ఎక్కువ జీవులు పెడితే ప్రాజెక్టు గొప్పదవుతుందనుకోవద్దు. 12 నుంచి 18 చాలు, కానీ ప్రతి ముఖ్యమైన కొమ్మ నుంచీ ఒకటి ఉండాలి. నేను చెప్పే జాబితా ఇది: మనిషి, ఎలుక, ఆవు, ప్లాటిపస్, కోడి, ఎనోల్ బల్లి, జెనోపస్ కప్ప, సీలకాంత్ (కాళ్ళున్న జీవులకు దగ్గరి బంధువైన చేప), స్పాటెడ్ గార్, జీబ్రాఫిష్, మెడాకా, తిలాపియా, పండుగప్ప, ఎలిఫెంట్ షార్క్, లాంప్రే (దవడలు లేని చేప). వీటి వెనక ఆంఫియాక్సస్.

ఇందులో వదలకూడనిది గార్. టీలియోస్ట్ చేపలు 3ఆర్ కు లోనవ్వక ముందే ఇది వాటి నుంచి విడిపోయింది. గార్‌లో ఒకటి, జీబ్రాఫిష్‌లో రెండు అని కనపడితే 3ఆర్ అని అనుమానించొచ్చు. గార్ లేకపోతే ఆ మాట అనడానికి ఆధారం బాగా పలచబడుతుంది. సొరచేప, లాంప్రే కూడా అంతే, 2ఆర్ గురించి మాట్లాడాలంటే అవి కావాలి.

మన ప్రాంతం జీవులు పెట్టాలని ఆశ ఉంటుంది, పెట్టండి, కానీ తెలిసి పెట్టండి. బంగారుతీగ చేప, అంటే కామన్ కార్ప్, వంశంలో 3ఆర్ తర్వాత ఇంకోసారి కూడా జీనోమ్ రెట్టింపైంది. దాని క్రోమోజోములు 100, శీలావతివీ బొచ్చెవీ 50. బంగారుతీగను పెడితే చెట్టులో ప్రతి చేప జీనూ మళ్ళీ రెండుగా కనిపించి కంగారు పెడుతుంది. మొదటి చెట్టులో వద్దు, రెండో చెట్టులో కలపండి. ఒంగోలు గిత్తను పెట్టామని కొందరు రాస్తారు, కానీ ఎన్‌సెంబుల్‌లో "కౌ" అని ఉండేది హెర్‌ఫర్డ్ జాతి ఆవు జీనోమ్, మన గిత్తది కాదు. ఇంత దూరపు పోలికల్లో దాని వల్ల ఫలితం మారదు, కానీ రిపోర్టులో ఒంగోలు అని రాస్తే అది అబద్ధం.

వెనామీ రొయ్యను కలపొచ్చా అని నెల్లూరులో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. దాని జీనోమ్ 2019లోనే వచ్చింది, సీక్వెన్సులూ దొరుకుతాయి. కానీ రొయ్యకు వెన్నెముక లేదు, అది మనకు చాలా దూరపు బంధువు. చెట్టుకు దాని వల్ల తేట రాదు, పొడుగాటి కొమ్మ ఒకటి వచ్చి మిగతావాటిని కదిలిస్తుంది. ఆంఫియాక్సస్ దగ్గర ఆగండి.

3. సీక్వెన్సులు పోగుచెయ్యండి

ఎన్‌సెంబుల్‌లో మనిషి డీఆర్‌డీ1 జీన్ పేజీ తెరవండి. ఎడమ పక్క మెనూలో ఆర్థోలాగ్స్ (వేరే జీవుల్లో ఇదే జీన్), పారలాగ్స్ (రెట్టింపు వల్ల వచ్చిన చుట్టం జీన్లు), జీన్ ట్రీ అని ఉంటాయి. జీన్ ట్రీలో నీలం చుక్క జీవులు విడిపోయిన చోటు, ఎరుపు చుక్క జీన్ రెట్టింపైన చోటు. ఈ చెట్టును కాపీ కొట్టి ప్రాజెక్టులో పెట్టొద్దు. అది కంప్యూటరు ఒకేసారి వేల కుటుంబాలకు గీసిన చెట్టు, దారి చూపించడానికి పనికొస్తుంది, తీర్పు చెప్పడానికి కాదు.

ప్రతి జీవి నుంచీ ప్రోటీన్ సీక్వెన్సు తీసుకోండి, డీఎన్ఏ కాదు. ఇంత పాత కాలం దాకా వెళ్ళేటప్పుడు డీఎన్ఏలో మార్పు మీద మార్పు పడి పోలిక చెరిగిపోయి ఉంటుంది. ఒక జీన్‌కు చాలా ట్రాన్స్‌క్రిప్టులు (ఒకే జీన్ నుంచి వచ్చే వేర్వేరు రూపాలు) కనిపిస్తే కెనోనికల్ అని రాసి ఉన్నదాన్ని తీసుకోండి. ఒకే జీన్ నుంచి రెండు ట్రాన్స్‌క్రిప్టులు తెచ్చి పెడితే అవి చెట్టులో అంటిపెట్టుకుని కూర్చుంటాయి, మీరేమో కొత్తగా రెట్టింపు కనిపెట్టామని సంబరపడతారు.

తెచ్చిన ప్రతిదానికీ ఎక్సెల్‌లో ఒక వరస: జీవి, డేటాబేస్ పెట్టిన పేరు, ఐడీ, క్రోమోజోమ్, పొడవు, తెచ్చిన తేదీ, ఎన్‌సెంబుల్ రిలీజ్ నంబరు. ఫాస్టా ఫైలులో (సీక్వెన్సులను దాచే మామూలు టెక్స్ట్ ఫైలు) పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, అండర్‌స్కోరుతో పెట్టండి. కామా, కోలన్, బ్రాకెట్లు పేరులో ఉంటే చెట్టు ఫైలు విరిగిపోతుంది, ఎందుకంటే ఆ ఫైలు ఆ గుర్తులతోనే రాస్తారు.

తర్వాత పొడవులు చూడండి. 446 దరిదాపుల్లో ఉండాల్సినది 190 ఉందంటే అది ముక్క. ఎన్‌సీబీఐలో ఐడీ ఎన్‌పీ తో మొదలైతే మనుషులు సరిచూసినది, ఎక్స్‌పీ తో మొదలైతే కంప్యూటరు ఊహించినది. "లో క్వాలిటీ ప్రోటీన్" అన్న మాట ముందు ఉంటే దాన్ని పక్కన పెట్టి ఇంకో దగ్గరి జాతి నుంచి తెచ్చుకోండి.

4. పేరు తప్పించుకున్నవాటిని వెతకండి

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. మనిషి జీన్ పేరు పట్టుకుని మాత్రమే వెతికితే మనిషిలో లేనివి ఎప్పటికీ దొరకవు. డీ1 తరగతిలో వెన్నెముక జీవులకు నాలుగు రకాలున్నాయి, అందులో రెండు క్షీరదాల వంశంలో పోయాయి. పరిశోధన వ్యాసాల్లో వాటిని డీ1సీ, డీ1ఈ అంటారు, జీబ్రాఫిష్‌లో అవే డీఆర్‌డీ6ఏ, 6బీ, డీఆర్‌డీ7 అనే పేర్లతో ఉంటాయి. కోడి డీ1సీని పాత వ్యాసాల్లో డీ1డీ అన్నారు. ఒకే జీన్‌కు ఇన్ని పేర్లు. అందుకే పేరును నమ్మొద్దన్నది.

చేసే విధానం: మనిషి డీఆర్‌డీ1, డీఆర్‌డీ5 తో పాటు జీబ్రాఫిష్ సీక్వెన్సులను కూడా పెట్టి ప్రతి జీవి మీద ఎన్‌సీబీఐలోని బ్లాస్ట్‌పీ (పోలిన ప్రోటీన్లను వెతికే పనిముట్టు) నడపండి. దొరికిన ప్రతిదాన్నీ తిరిగి మనిషి, జీబ్రాఫిష్ ప్రోటీన్ల మీద బ్లాస్ట్ చేసి చూడండి. తిరిగొచ్చినప్పుడు మొదట డోపమైన్ రిసెప్టర్ కనపడితే ఉంచండి, సెరటోనిన్ రిసెప్టరో హిస్టమిన్ రిసెప్టరో కనపడితే తీసేయండి. ఈ రిసెప్టర్లన్నీ ఒకదానికొకటి చుట్టాలే కాబట్టి ఈ-వాల్యూ (పోలిక యాదృచ్ఛికంగా వచ్చే అవకాశాన్ని చెప్పే అంకె) ఎంత చిన్నగా ఉన్నా అదొక్కటే చూసి ఒప్పుకోవద్దు.

అయినా దొరక్కపోతే టీబ్లాస్ట్‌ఎన్ వాడి ప్రోటీనుతో నేరుగా జీనోమ్ మీద వెతకండి. ఎవరూ పేరు పెట్టని జీన్లు ఇట్లానే దొరుకుతాయి. దీంట్లో ఒక ఉచ్చు ఉంది. మనిషి జీనోమ్ మీద డీఆర్‌డీ5 తో వెతికితే ఒకటి కాదు, మూడు చోట్ల గట్టి పోలిక వస్తుంది. రెండు చచ్చిన జీన్లు, డీఆర్‌డీ5పీ1, డీఆర్‌డీ5పీ2. వాటి మధ్యలో స్టాప్ కోడాన్లు (ప్రోటీన్ తయారీని ఆపే గుర్తులు) ఉంటాయి, పూర్తి ప్రోటీన్ రాదు. మనిషిలో డీఆర్‌డీ5 మూడున్నాయని రాసేయకండి.

5. అలైన్ చెయ్యండి, కళ్ళతో చూడండి

మాఫ్ట్ సర్వర్‌లో ఫాస్టా ఫైలు పెట్టి ఎల్-ఐఎన్ఎస్-ఐ పద్ధతి ఎంచుకోండి. 200 లోపు సీక్వెన్సులకు ఇదే బాగుంటుంది. వచ్చిన ఫలితాన్ని మెగాలో తెరవండి.

ఇప్పుడు తొందరపడి ముందుకు పోవద్దు. ఈ రిసెప్టర్ కణం పొరను ఏడుసార్లు దాటుతుంది, మూడో పొర అంటే మూడోసారి దాటే భాగం. ఈ కింది గుర్తులు నిలువు వరసలో సరిగ్గా నిలబడ్డాయా చూడండి:

- మూడో పొరలో ఆస్పార్టేట్, అంటే డీ అక్షరం. డోపమైన్‌ను పట్టుకునేది ఇదే. మనిషి డీఆర్‌డీ1 లో ఇది 103వ స్థానం, డీఆర్‌డీ2 లో 114.
- ఆ పొర చివర డీఆర్‌వై అనే మూడక్షరాలు.
- అయిదో పొరలో సెరీన్లు, అంటే ఎస్ అక్షరాలు.
- ఏడో పొరలో ఎన్‌పీ తర్వాత రెండు అక్షరాలు వదిలి వై.

మూడో పొరలో ఆ డీ లేని సీక్వెన్సు కనపడితే రెండే అవకాశాలు. అది అమైన్ రిసెప్టరే కాదు, లేకపోతే సీక్వెన్సు చెడిపోయింది. ఏదైనా సరే తిరిగి 3వ మెట్టుకు వెళ్ళండి.

రెండు చివర్లూ, అయిదు ఆరు పొరల మధ్య కణం లోపలి వైపు ఉండే లూపు బాగా మారిపోయే భాగాలు. మనిషి డీఆర్‌డీ4 లో అయితే ఆ లూపులో 48 అక్షరాల డీఎన్ఏ ముక్క ఒక మనిషికి రెండుసార్లు, ఇంకొకరికి ఏడుసార్లు, అట్లా తిరిగి తిరిగి వస్తుంది. అలాంటి చోట వచ్చే అలైన్‌మెంట్‌కు అర్థం లేదు. ట్రిమ్-ఏఎల్ అనే ప్రోగ్రాంతో కత్తిరించండి, లేదా మెగాలో చేత్తో తీసేయండి. చేత్తో తీస్తే ఏ స్థానం నుంచి ఏ స్థానం దాకా తీశారో రాసుకోండి. అతిగా కత్తిరించినా నష్టమే. కత్తిరించకముందు ఒకటి, కత్తిరించాక ఒకటి, రెండు చెట్లు గీసి పోల్చడం నాకు నచ్చే దారి. రెండింట్లోనూ నిలబడిన కొమ్మే గట్టిది.

6. చెట్టు గీయండి

ఐక్యూ-ట్రీ వెబ్ సర్వర్‌లో అలైన్‌మెంట్ ఎక్కించండి. ప్రోటీన్ అని ఎంచుకోండి, మోడల్‌ను ఆటోలో వదిలేయండి, మోడల్‌ఫైండర్ తనే ఎంచుకుంటుంది. అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్ 1000, ఎస్‌హెచ్-ఏఎల్‌ఆర్‌టీ కూడా 1000 పెట్టండి. ప్రతి కొమ్మ ఎంత గట్టిదో చెప్పే పరీక్షలు ఇవి. మెయిల్ ఐడీ ఇస్తే పని అయ్యాక కబురొస్తుంది. కరెంటు పోయినా, మీ ల్యాప్‌టాప్ ఆగిపోయినా పని సర్వర్‌లో నడుస్తూనే ఉంటుంది.

నెట్ బాగా ఇబ్బంది పెట్టేచోట మెగాలోనే మాక్సిమం లైక్లీహుడ్ (ఐక్యూ-ట్రీ వాడే పద్ధతే) చెట్టు గీయొచ్చు. నైబర్ జాయినింగ్ అనే తేలిక పద్ధతితో ఆపేయొద్దు, అది తొందరగా చూసుకునేదానికి మాత్రమే.

నంబర్లు చదివేటప్పుడు ఒక చిన్న గందరగోళం అందరికీ వస్తుంది. మామూలు బూట్‌స్ట్రాప్ 70 దాటితే బాగుందంటారు. అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్‌కు ఆ లెక్క చెల్లదు, దానికి 95 దాటాలి, పక్కన ఎస్‌హెచ్-ఏఎల్‌ఆర్‌టీ 80 దాటాలి. 78 వచ్చిన అల్ట్రాఫాస్ట్ కొమ్మను చూపించి గట్టి ఆధారం అని రాస్తే వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

7. వేరు పెట్టి చదవండి

ఐక్యూ-ట్రీ ఇచ్చే చెట్టుకు వేరు ఉండదు. ఫిగ్‌ట్రీలో తెరిచి, బయటి గుంపుగా మీరు పెట్టిన మనిషి బీటా అడ్రినెర్జిక్ రిసెప్టర్ల కొమ్మను పట్టుకుని రీరూట్ చెయ్యండి. ఇది చెయ్యకుండా ఏది ముందు ఏది వెనక అని ఒక్క వాక్యం కూడా రాయొద్దు.

చెట్టు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి మనకు ముందే తెలిసిన విషయాలే పరీక్ష. డీఆర్‌డీ1 కొమ్మ ఒక్కటే చూడండి. ఎలుక, మనిషి, ఆవు ఒకచోట ఉన్నాయా? కోడి, బల్లి ఒకచోట ఉన్నాయా? సీలకాంత్ జీబ్రాఫిష్ వైపు కాకుండా మన వైపు నిలబడిందా? గార్ టీలియోస్ట్ చేపలన్నిటికీ బయట ఉందా? సొరచేప వీటన్నిటికీ బయట ఉందా? ఎలుక వెళ్ళి మెడాకా పక్కన కూర్చుంటే అది పరిణామం కాదు, మీ ఫైలులో పేర్లు తారుమారయ్యాయి.

2ఆర్ అని చెప్పాలంటే ప్రతి రకంలోనూ సొరచేపా, ఎముక చేపలూ విడివిడిగా కనపడాలి, ఆంఫియాక్సస్ అన్ని రకాలకూ బయట ఉండాలి. 3ఆర్ అని చెప్పాలంటే గార్ ఒకటే ఉండి, దాని పక్కన జీబ్రాఫిష్ ఏ మెడాకా ఏ తో, జీబ్రాఫిష్ బీ మెడాకా బీ తో జతకట్టాలి (ఏ, బీ అంటే రెట్టింపైన రెండు కాపీలు). జీబ్రాఫిష్ ఏ, జీబ్రాఫిష్ బీ ఒకదాన్నొకటి అంటుకుని ఉంటే అది 3ఆర్ కాకపోవచ్చు, ఆ చేపలో ఆ తర్వాత విడిగా జరిగిన రెట్టింపు కావచ్చు. అన్ని రకాల్లోనూ రెండేసి కనపడాలని ఎదురుచూడొద్దు, ఒకటి పోవడం మామూలు.

లాంప్రే మాత్రం చాలాసార్లు వింత చోట కూర్చుంటుంది. దాని జీనోమ్‌లో జీ, సీ అక్షరాలు ఎక్కువ, దాంతో ప్రోటీన్లలో కూడా ఒకవైపు మొగ్గు ఉంటుంది, కొమ్మ పొడుగవుతుంది, పొడుగు కొమ్మలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. లాంప్రే తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి గీయండి. మిగతా చెట్టు మారకపోతే దిగులు లేదు.

8. పక్కన ఏ జీన్లున్నాయో చూడండి

చెట్టు ఒక్కటే చాలదని నేను గట్టిగా చెప్తాను. పేరు మార్చుకుని వేరే ఊరికి పోయిన కుటుంబాన్ని వాళ్ళతో పాటు కదిలివచ్చిన ఇరుగుపొరుగును చూసి గుర్తుపట్టినట్టు, జీన్‌ను దాని పక్క జీన్లను చూసి గుర్తుపట్టొచ్చు. దీన్నే సింటెనీ అంటారు.

మనిషిలో డీఆర్‌డీ1 5వ క్రోమోజోమ్ చివర్లో ఉంది. ఆ చుట్టుపక్కల ఎంఎస్ఎక్స్2, సీపీఎల్ఎక్స్2, ఎఫ్‌జీఎఫ్‌ఆర్4 ఉన్నాయి. డీఆర్‌డీ5 4వ క్రోమోజోమ్ మీద ఉంది, అదే చేతి మీద ఎంఎస్ఎక్స్1, సీపీఎల్ఎక్స్1, ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 ఉన్నాయి. అంటే డోపమైన్ జీన్ ఒక్కటే కాదు, ఆ వీధి మొత్తం రెండైంది. ఎఫ్‌జీఎఫ్‌ఆర్ 1, 2 ఎక్కడున్నాయో కూడా చూడండి, 8, 10 క్రోమోజోముల మీద. ఒకే పాత క్రోమోజోమ్ ముక్క నాలుగైందనడానికి ఇది పేరున్న ఉదాహరణ. దీన్ని మీ కళ్ళతో ఎన్‌సెంబుల్ మ్యాపులో చూసినప్పుడు కలిగే ఆనందం నేను మాటల్లో చెప్పలేను, పాఠంలో చదివిన 2ఆర్ నిజమని అప్పుడు తెలుస్తుంది.

జీనోమికస్‌లో జీన్ పేరు ఇస్తే అన్ని జీవుల్లోనూ ఇరుగుపొరుగు ఒకే బొమ్మలో వరసగా కనిపిస్తాయి. అందులో లేని చేపకు ఎన్‌సీబీఐ జీనోమ్ వ్యూయర్‌లో అటు పది, ఇటు పది జీన్లు చేత్తో రాసుకోండి. విసుగు పనే, కానీ అర పూటలో అయిపోతుంది.

9. "పోయింది" అని రాసేముందు

ఒక జీవిలో జీన్ లేదని రాయాలంటే ఇవన్నీ జరిగి ఉండాలి: టీబ్లాస్ట్‌ఎన్ లో దొరకలేదు, దగ్గరి జాతులు రెండు మూడింట్లో కూడా దొరకలేదు, ఇరుగుపొరుగు జీన్లు ఉన్నాయి గానీ వాటి మధ్యలో ఇది లేదు, ఆ మధ్య భాగంలో ఎన్ ఎన్ ఎన్ అని ఖాళీలు లేవు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, పక్షుల్లో లెప్టిన్ (ఆకలిని అదుపుచేసే హార్మోను) జీన్ లేదని ఏళ్ళ తరబడి వాదించారు, 2014లో దొరికింది. జీ, సీ ఎక్కువున్న చోట్లను పాత సీక్వెన్సింగ్ సరిగ్గా చదవలేకపోయింది, అంతే. లాంప్రే సంగతి ఇంకా విచిత్రం. దాని శరీర కణాలు పిండ దశలోనే జీనోమ్‌లో కొంత భాగాన్ని పారేస్తాయి. 2013లో వచ్చిన జీనోమ్ కాలేయం నుంచి తీసింది, పారేసిన జీన్లు అందులో ఎట్లా కనపడతాయి? వీర్యకణాల నుంచి తీసిన జీనోమ్ 2018లో వచ్చింది. మీరు వాడింది ఏదో చూసుకోండి.

ఈ పరీక్షలన్నీ చెయ్యలేకపోతే "ఈ అసెంబ్లీలో దొరకలేదు" అని రాయండి. అందులో తక్కువతనం ఏమీ లేదు.

ఎక్కువగా అడిగేవి

*చెట్టు చూసి చేపకు మనలాగే సంతోషం ఉంటుందని రాయొచ్చా?* రాయొద్దు. జీన్ ఒకే మూలం నుంచి వచ్చిందని మాత్రమే చెట్టు చెప్తుంది. అది మెదడులో ఎక్కడ పనిచేస్తుంది, ఏం చేయిస్తుంది అనేదానికి వేరే ప్రయోగాలు కావాలి.

*శీలావతిలో డీ2 జీన్లు వెతికి డోంపెరిడోన్ డోసు లెక్కగట్టొచ్చా?* ససేమిరా వద్దు. జీబ్రాఫిష్‌లో డీఆర్‌డీ2 రెండున్నాయి, ఏ, బీ అని. శీలావతి కూడా దానికి దగ్గరి బంధువే కాబట్టి దాంట్లో ఎన్నున్నాయో చూడటం మంచి ప్రాజెక్టు. డోసు మాత్రం చెరువు దగ్గర తేలాల్సిన విషయం, చేప బరువు, నీటి వేడి, తల్లిచేప ఎంత సిద్ధంగా ఉందనేదాన్ని బట్టి.

*రిసెప్టర్లు కాకుండా హార్మోన్లే తీసుకుంటే?* ఆక్సిటోసిన్, వాసోప్రెసిన్ కుటుంబం చాలా అందమైనది, కానీ ఆ పెప్టైడు తొమ్మిది అమైనో ఆమ్లాలే, అంత చిన్నదాంతో చెట్టు గీయలేరు. పూర్తి ప్రీకర్సర్ ప్రోటీను (కత్తిరించి హార్మోను తీసే పొడుగాటి ముందు రూపం) తీసుకోవాలి, అప్పుడు కూడా చెట్టు కన్నా సింటెనీనే ఎక్కువ నమ్మాలి. మనిషిలో ఆ రెండు జీన్లూ 20వ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి. వాటి రిసెప్టర్లు, ఓఎక్స్‌టీఆర్, ఏవీపీఆర్1ఏ, 1బీ, ఏవీపీఆర్2, పొడవుగా ఉంటాయి కాబట్టి చెట్టుకు అవే మేలు.

*ఎంత టైం పడుతుంది?* సర్వర్ పని గంటల్లో అయిపోతుంది. సీక్వెన్సులు పోగుచేసి సరిచూడటానికే వారాలు పడుతుంది. గైడుకు తేదీ చెప్పేటప్పుడు ఆ వారాలు లెక్కలో వేసుకోండి, ఆఖర్లో టెన్షన్ ఉండదు.

రిపోర్టు ఇచ్చేటప్పుడు చెట్టు బొమ్మ ఒక్కటే అతికించి ఊరుకోవద్దు. ఎక్సెల్ షీటు, కత్తిరించకముందు అలైన్‌మెంటు, కత్తిరించాక అలైన్‌మెంటు, ఐక్యూ-ట్రీ ఎంచుకున్న మోడల్ పేరు ఉన్న లాగ్ ఫైలు, చెట్టు టెక్స్ట్ ఫైలు, సింటెనీ పట్టిక, ఇవన్నీ ఒక ఫోల్డరులో పెట్టి పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి దాచండి. మీ తర్వాతి బ్యాచ్ వాళ్ళు బంగారుతీగను కలిపి రెండో చెట్టు గీయాలనుకుంటే ఆ ఫోల్డరు నుంచే మొదలుపెట్టొచ్చు.